గిన్నెలో ఏం పెట్టి పంపాలి?

లుమోవా దీవి వాళ్ళ గిన్నె ఒకటి మన ప్రభుత్వం దగ్గర ఉండిపోయింది. గొడవంతా అక్కడే మొదలైంది.

ఆ దీవి ఎక్కడుందో మ్యాపులో వెతకబోకండి, వేలు పెడితే దాని కింద మాయమైపోతుంది. అయినా దేశమంటే దేశమే కదా. వాళ్ళకీ ఒక జెండా ఉంది, వాళ్ళకీ ఒక రాయబారి ఉంది. ఆవిడ పేరు తెలూవే. పండు ముసలావిడ. మన రాజధానికి కొత్తగా వచ్చినప్పుడు, కొత్తగా కాపురం దిగినవాళ్ళు పక్కింటికి వెళ్ళినట్టు, పెద్ద చెక్క గిన్నె నిండా కొబ్బరి బిళ్ళలు పెట్టుకుని విదేశాంగ శాఖకు వెళ్ళి ఇచ్చి వచ్చింది. వాళ్ళ ఆచారం అది. ఆ గిన్నెలో ఇవతలివాళ్ళు తమ వంటింట్లోంచి ఏదో ఒకటి పెట్టి తిరిగి పంపాలి. అప్పుడే రెండిళ్ళ మధ్యా రాకపోకలు మొదలైనట్టు. గిన్నె వెనక్కి వచ్చేదాకా వాళ్ళు మంచీ మాట్లాడరు, చెడ్డా మాట్లాడరు, ఏ కాయితం మీదా సంతకం పెట్టరు. ఊరికే నవ్వుతూ కూర్చుంటారు.

మనవాళ్ళు బిళ్ళలు తినేశారు. గిన్నెని తోషాఖానాలో పెట్టి తాళం వేశారు. తోషాఖానా అంటే ఏం లేదు, పైదేశాల వాళ్ళిచ్చిన బహుమతులు దాచే సర్కారు వారి అటకగది.

ఇది ఇలా ఉండగా, కొత్తరేవు నుంచి వేటకెళ్ళిన పడవ ఒకటి తుఫానులో కొట్టుకుపోయి పోయి ఆ లుమోవా ఒడ్డునే తేలింది. అందులో ఏడుగురు మనుషులు. దీవివాళ్ళు వాళ్ళని జైల్లో పెట్టలేదు, పాపం, ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టారు. పంపేయండి బాబూ అని మనవాళ్ళు అడిగితే తెలూవే గారు నవ్వి, "దానికేం, గిన్నె రానీండి," అన్నారట.

కొత్తరేవు వైపు నుంచి గెలిచిన ఎంపీ గరికిన నూకాలమ్మ. మొదటిసారి గెలిచింది. కొత్తవాళ్ళకి పార్లమెంటులో మంచి సంఘాలు ఇవ్వరు కదా, ఎవరూ వద్దన్న దాంట్లో పడేశారు. దాని పేరు విదేశీ స్నేహ వ్యయ పరిశీలక సంఘం. ప్రభుత్వం పైదేశాలతో చేసే స్నేహానికి ఎంత ఖర్చవుతోంది, ఆ ఖర్చుకి తగ్గ స్నేహం వస్తోందా లేదా అని తరచి చూడడం ఆ సంఘం పని. గిన్నె సంగతి ఈ సంఘం ముందుకే వస్తోందని తెలియగానే నూకాలమ్మకి ప్రాణం లేచొచ్చింది. మన చేతిలో పనే, రెండు మాటల్లో తేలిపోతుంది అనుకుంది. కొత్త కదా, ఏం తెలుస్తుంది.

అప్పటికే ఆ ఏడుగురిలో కొర్లయ్య అనేవాడి పెళ్ళాం పోలమ్మ రైలెక్కి వచ్చి నూకాలమ్మ క్వార్టర్సులో దిగి కూర్చుంది. మొగుడు వచ్చేదాకా కదలనంది. ఊరికే కూర్చోలేదు, వచ్చిన పూట నుంచీ వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది, ఎంపీగారికి కూరలో ఉప్పెంతో మాటలో కారం అంత వడ్డించేది.

"అప్పా, ఈ రోజైనా అడిగీసి రా. మరిచిపోయొచ్చీకు," అని చేతిసంచీ అందించి పంపింది. వాళ్ళ వైపు అక్కని అప్పా అంటారు.

సంఘం అధ్యక్షులు త్రిలోకనాథ్ గారు. మనిషి మంచివాడే, కానీ మాట బయటికి రావాలంటే ముందు దానికి ఇస్త్రీ చెయ్యాలి. ఆ రోజు ఎదురుగా విదేశాంగ శాఖ సంయుక్త కార్యదర్శి భాస్కరన్ గారు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"సదరు పాత్రలోని పదార్థము ఏమైనది?" అని అధ్యక్షులవారు అడిగారు.

"వినియోగమైనది, సార్."

"ఎవరిచేత?"

"శాఖచేత, సార్."

"శాఖ అనగా?"

భాస్కరన్ గారు తల వంచుకున్నారు. "ప్రధానంగా మూడో అంతస్తు, సార్."

"వినియోగమునకు ముందస్తు అనుమతి ఉన్నదా?"

"అనుమతి కోరాం సార్. అది వచ్చేలోగా పదార్థం మెత్తబడుతోందని, దేశ ప్రయోజనాల దృష్ట్యా..."

నూకాలమ్మకి ఉండబట్టలేదు. "బాబూ, తిన్నవి తిన్నారు, అరిగిపోయాయి. ఇప్పుడా గిన్నెలో నాలుగు బెల్లం ముక్కలేసి పంపించీండి. మావోళ్ళు ఏడుగురూ ఇళ్ళకొస్తారు."

అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"గౌరవ సభ్యురాలి ఆవేదనను సంఘం సానుభూతితో గుర్తించింది. అయితే బెల్లము అనునది ఒక విధాన ప్రకటన. తీపి పంపినచో గాఢ మైత్రి ప్రకటించినట్లు. చిటికెడు దేశముతో గాఢ మైత్రి అన్నచో, రేపు పెద్ద దేశములకు ఏమి పంపవలెను? బస్తాలా?"

"అయితే కారం పంపండి. జంతికలు పంపండి."

"కారము అసంతృప్తిని సూచించును," అన్నారు భాస్కరన్ గారు, నొచ్చుకుంటూ. "మాకు ఆ దీవితో అసంతృప్తి ఉందని ఇంతవరకు ఎక్కడా నమోదు కాలేదమ్మా."

"పులుపూ?"

"సందేహము," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అలా ఆ పూట తేలిందేమిటంటే, గిన్నెలో ఏం పెట్టాలో తేల్చాలంటే ముందు ఆ దీవి మీద మనకున్న అభిప్రాయం రుచి ఏమిటో తేల్చాలి. దానికి ఒక ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం వాళ్ళు పెద్ద హోటళ్ళ వంటవాళ్ళని పిలిపించి, తీపీ కాని, కారమూ కాని, పులుపూ కాని, వగరూ కాని తటస్థమైన పిండివంట ఒకటి కనిపెట్టమన్నారు. వంటవాళ్ళు కష్టపడి చేసుకొచ్చారు. సభ్యులందరూ రుచి చూశారు. నోట్లో పెట్టుకున్నాక ఎవరికీ ఏ అభిప్రాయమూ కలగలేదు. విధానపరంగా అమోఘం అన్నారు అధ్యక్షులవారు. కానీ మింగడం ఎవరివల్లా కాలేదు.

సాయంత్రం నూకాలమ్మ ఇల్లు చేరేసరికి పోలమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఏటైందప్పా? పంపీసారా?"

"ఇంకా నేదే. రుచి దగ్గర ఆగింది."

"రుచేటి? ఎవులు తింతన్నారు?"

నూకాలమ్మ జరిగిందంతా చెప్పింది. పోలమ్మ నోరు తెరుచుకుని వింది. "సరే, ఆ గిన్నె ఆలకాడే ఉండనీ. మనమే బజార్లో ఓ గిన్నె కొని, నాను నాలుగు నువ్వుండలు సుట్టి పెడతాను. ఆ ముసలామెకి ఇచ్చీసి రా."

"ఆవిడ గిన్నె ఇచ్చింది నాకా ఏటి? దేశానికి ఇచ్చింది. దేశం వంటింట్లోంచే తిరిగి రావాలంట."

"దేశానికి వంటిల్లు ఎక్కడుంటాదప్పా?"

మర్నాడు నూకాలమ్మ అదే ప్రశ్న భాస్కరన్ గారిని అడిగి చూసింది. ఆయన అది హోం శాఖ పరిధిలోకి వస్తుందేమో కనుక్కుంటానన్నారు.

తటస్థ వంటకం బెడిసికొట్టాక సంఘం ఒక మెట్టు దిగి, సరే, పరిమిత స్థాయిలో తీపికి అంగీకరిద్దాం అంది. నూకాలమ్మ లోపల్లోపల దండం పెట్టుకుంది. అంతలో ఒక సభ్యుడు లేచి, అయితే ఏ ప్రాంతపు తీపి అన్నాడు. ఇంకేముంది, కందిరీగల తుట్టె మీద రాయి పడింది. తూర్పు సభ్యుడు రసగుల్లా అన్నాడు. అది కారిపోతుంది, విదేశాంగ విధానం కారకూడదు అన్నాడు పడమటి సభ్యుడు. ఆయన చెప్పిన పూరన్ పోళీని దక్షిణాది ఆయన బొబ్బట్టు అని పిలిచేసరికి పడమటి ఆయన బల్ల గుద్దాడు. ఉత్తరాది ఆయన బూడిదగుమ్మడికాయ పేఠా తప్ప మరేదీ తీపే కాదన్నాడు.

ఇక్కడ నూకాలమ్మ ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఏమైందో ఏమో, ఆమె కూడా లేచి నిలబడి, "మా మాడుగుల హల్వా ఏం పాపం చేసింది?" అంది. హల్వా మాది అన్నాడు పేఠా ఆయన. ఎవరిది? మీదా? మా గోధుమపాల హల్వా రుచి చూసిన మొహమేనా అది? అంది ఈవిడ. ఆ రోజంతా ఈ సంగతే. మర్నాడూ ఈ సంగతే. నూకాలమ్మ ఫోన్ చేసి సొంతూరు నుంచి హల్వా పెట్టెలు తెప్పించి అందరికీ పంచింది. పేపర్లో ఫోటో కూడా పడింది, హల్వా పెట్టె పట్టుకుని, దేశ గౌరవం కోసం ఎంపీ పోరాటం అని.

ఆ పేపరు పోలమ్మ చేతిలో పడింది. చదువు రాదు, కానీ ఫోటో చూడ్డానికి చదువెందుకు.

అన్నం పెట్టి, పక్కన కూర్చుని, మెల్లగా అడిగింది. "అప్పా, నా మొగుడి కన్నా నీకు హల్వా ఎక్కువైపోనాదేటి?"

నూకాలమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సిగ్గేసింది. పెద్ద పెద్ద వాళ్ళు మాట్లాడే గదిలో కూర్చుంటే మనకి తెలియకుండానే ఆ గాలి పట్టేస్తుంది కాబోలు.

"తప్పైపోయిందే," అంది.

"తప్పుదేటి గానీ, ఆ దీవోళ్ళు మావోడికి కూడైనా ఏళకి పెడతన్నారంతావా?"

"పెడుతున్నారే. చేపల పులుసు కూడా పెడుతున్నారంట."

"అయితే నయమే. ఈలకాడుంటే రుచి తేలేవరకూ పస్తే."

మర్నాడు నూకాలమ్మ తన హల్వాని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. అధ్యక్షులవారు ఆ త్యాగాన్ని మినిట్సులో రాయించారు. కానీ మిగతావాళ్ళు తగ్గరే! చివరికి ఎవరికీ మనసు కష్టం కలగకుండా గిన్నెని ఖాళీగానే పంపేద్దామన్నాడు తూర్పు సభ్యుడు.

"ఖాళీగానా!" అంది నూకాలమ్మ. అంది ఆమె ఒక్కతే కాదు, పేఠా ఆయన కూడా అన్నాడు. మా అమ్మ పక్కింటి గిన్నె ఎప్పుడూ ఖాళీగా ఇవ్వలేదండీ, ఏమీ లేకపోతే గుప్పెడు ఉప్పైనా వేసేది అన్నాడు. పడమటి ఆయన, మా నాయనమ్మ పంచదార వేసేది అన్నాడు. త్రిలోకనాథ్ గారు కూడా ఇస్త్రీ మరిచిపోయి, "మా అత్తగారు రెండు నిమ్మకాయలు వేసేదయ్యా, పెరట్లో చెట్టుండేది," అన్నారు. కాసేపు ఆ గదిలో అందరూ మనుషుల్లా మాట్లాడుకున్నారు. నూకాలమ్మకి ఆశ పుట్టింది.

తర్వాత అధ్యక్షులవారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"కావున, పాత్ర రిక్తముగా పోరాదు. అందుండునది తీపి కారాదు, కారము కారాదు, ఏ ప్రాంతమునకూ చెందరాదు, ఖజానాకు భారము కారాదు, ప్రభుత్వపు సొంత ఉత్పత్తి అయి ఉండవలెను. ఈ లక్షణములన్నియు కలిగిన వస్తువు మన వద్ద ఒక్కటే ఉన్నది."

అందరూ ముందుకు వంగారు.

"ఈ అంశముపై మన సంఘము తయారుచేసిన నివేదిక."

చప్పట్లు మోగాయి. నివేదిక అప్పటికే తలగడంత అయింది. నూకాలమ్మ కూడా చెయ్యెత్తింది. కాయితమైతే కాయితం, గిన్నె గుమ్మం దాటితే చాలు అనుకుంది. ఆ కాయితాల కట్టని గిన్నెలో పట్టేలా కత్తిరించి, గుండ్రంగా చుట్టి, పైన జరీ గుడ్డ కప్పారు.

భాస్కరన్ గారూ నూకాలమ్మా కలిసి తీసుకెళ్ళారు. తెలూవే గారి ఇల్లు చిన్నది, వాకిట్లో కొబ్బరి పీచు చాప పరిచి ఉంది. ముసలావిడ వీళ్ళ చేతిలో గిన్నెని చూసి, అలిగి వెళ్ళిన కోడలు తిరిగొచ్చినట్టు సంబరపడిపోయింది. రెండు చేతులా అందుకుంది. గుడ్డ తీసింది. చూసింది. ఇంకా లోపలికి చెయ్యి పెట్టి అడుగుదాకా వెతికింది. అక్కడా కాయితమే.

ఆవిడ మొహం మాడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూకాలమ్మని దగ్గరికి లాక్కుని తల నిమురుతూ ఏదో చెప్పింది. పక్కనున్న దుభాషి అమ్మాయి తెలుగులో అంది. "అమ్మగారు అంటున్నారు, మా దీవిలో ఇంట్లో తినడానికి గింజ కూడా లేనివాళ్ళే గిన్నెలో తినడానికి పనికిరానిది పెట్టి పంపుతారు. నోరు తెరిచి అడగలేక అలా చెబుతారన్నమాట. ఇంత పెద్ద దేశం, ఇంతమంది పిల్లలు, ఇన్నాళ్ళూ గిన్నె ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది అంటున్నారు. మీరేం సిగ్గుపడకండి, ఎవరితోనూ అనను అంటున్నారు."

దీనికి భాస్కరన్ గారి దగ్గర ఫైలు లేదు.

నూకాలమ్మకి నిజం చెప్పేద్దామనిపించింది. ఏమని చెబుతుంది? మాకు తిండుంది తల్లీ, తేల్చుకోవడమే రాదు అనా? నాలిక చివరదాకా వచ్చిన మాట మింగి, "మరి మావాళ్ళు?" అంది.

"వస్తారు," అంది ముసలావిడ. "సాయంతో పాటే వస్తారు."

అన్నమాట నిలబెట్టుకుంది. లుమోవా వాళ్ళకి ఉన్నదల్లా ఒక్క ఓడ. ఆ ఓడ నిండా పెండలం దుంపలు నింపి మన రేవుకి పంపారు. దీవిలో ఇంటికో బుట్ట వేసుకుని పోగేసినవట. ఏడుగురూ ఆ ఓడలోనే ఉన్నారు. కబురు తెలిసి పోలమ్మ, కొత్తరేవు వాళ్ళూ రేవుకి చేరారు. ఓడ కనబడుతోంది. ఓడ మీద మనుషులు కనబడుతున్నారు. కొర్లయ్య తువ్వాలు ఊపడం కూడా కనబడుతోంది. దిగడానికి మాత్రం లేదు.

"మన దేశం ఎవరి దగ్గరా తిండి సాయం పుచ్చుకోదమ్మా," అన్నారు భాస్కరన్ గారు. ఆయనా సంఘమూ అప్పటికి విమానంలో వచ్చి వాలారు. "అది విధానం. పుచ్చుకుంటే ఆకలి ఉందని ఒప్పుకున్నట్టు."

"దుంపలొద్దంటే పోనీండి. మనుషుల్ని దించండి."

"అక్కడే చిక్కు. ఓడ కాయితాల్లో వాళ్ళు ప్రయాణికులు కాదు. సాయం బస్తాలు, వాటిని దించే మనుషులు అని ఒకే పద్దు కింద రాశారు. సాయం తీసుకోనప్పుడు పద్దులో సగం ఎలా తీసుకుంటాం?"

"ఓలమ్మ! నా మొగుడు పద్దేటి?" అంది పోలమ్మ.

ఓడ కెప్టెను సముద్రం పోటు తగ్గేలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. వద్దంటే మనుషులతో సహా అంతా వెనక్కే అన్నాడు. అధ్యక్షులవారు ఈ పరిణామము తీవ్ర పరిశీలనకు అర్హమైనదని అన్నారు. పోలమ్మ నూకాలమ్మ చెయ్యి పట్టుకుంది. ఈసారి ఎత్తిపొడుపు లేదు. "అప్పా," అంది, అంతే.

నూకాలమ్మ ఇన్నాళ్ళ కాపురంలో ఈ సంఘం గురించి ఒకటి గమనించింది. ఇది ఎవరినైనా సాక్ష్యానికి పిలిచిందంటే ఆ మనిషిని ఇక ఎవరూ ఆపలేరు. భాస్కరన్ గారిని కూతురి పెళ్ళి పీటల దగ్గరనుంచి లేపి తీసుకొచ్చినవాళ్ళు వీళ్ళు.

కొంగు బిగించి, తనూ మాటకి ఇస్త్రీ చేసుకుని లేచింది. "అధ్యక్షా, సాయం వద్దనాలంటే ముందు ఆ సాయం ఏమిటో సంఘం పరిశీలించాలి కదా?"

"నిస్సందేహముగా."

"పరిశీలించాలంటే సాక్షులుండాలి కదా? ఆ దుంపల పక్కనే పడుకుని ఇంత దూరం వచ్చినవాళ్ళు ఏడుగురున్నారు. వాళ్ళకన్నా మంచి సాక్షులు ఈ దేశంలో ఉన్నారా?"

అధ్యక్షులవారి మొహం వెలిగిపోయింది. సాక్షులంటే ఆయనకి పంచప్రాణాలు. "సమన్లు జారీ చేయుడు," అన్నారు.

పార్లమెంటు పిలిచిన మనిషిని అడ్డుకునే ధైర్యం రేవులో ఎవరికుంది? నిచ్చెన పడింది. ఏడుగురూ దిగారు. వాళ్ళ కాళ్ళు నేల మీద పడగానే ఆడవాళ్ళు బావురుమన్నారు. జవాన్లు వాళ్ళని సంఘం కొలువుతీరిన రేవు గోడౌనులోకి తీసుకెళ్ళి బల్ల ముందు నిలబెట్టారు. వెనకాలే పోలమ్మా వెళ్ళింది.

"సాక్షి పేరు?"

"కొర్లయ్యండి బాబూ."

"సదరు ద్వీపపు ప్రభుత్వము మన విదేశాంగ విధానముపై ఏ అభిప్రాయము కలిగి ఉన్నదో క్లుప్తముగా చెప్పుడు."

కొర్లయ్య తల గోక్కున్నాడు. "అయ్యన్నీ మాకేటి తెలుస్తాయి బాబూ. ఆలందరూ పొద్దున్న లేస్తే ఒకటే అడిగీవోరు. మీ ఊర్లో పిల్లలు తిన్నారో నేదో అని."

భాస్కరన్ గారు కిటికీలోంచి సముద్రం చూశారు.

"మేవూ అదే బెంగపడిపోనాం," అన్నాడు కొర్లయ్య. "తుఫాన్లో మేవు కొట్టుకుపోతే, ఎనకాల మనూరికి ఇంత కరువొచ్చిందేటో అని. దోవంతా ముద్ద దిగనేదు."

అంటూనే వెనక్కి తిరిగి పోలమ్మని చూశాడు. పైకీ కిందకీ చూశాడు, చిక్కిందేమోనని. లుంగీ మడతలోంచి ఒక పెండలం దుంప తీశాడు. ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడేమో వెచ్చగా ఉంది. "నీకని దాసినాను," అని చేతిలో పెట్టాడు.

పోలమ్మ దుంపని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది.

"ఆగుడు," అన్నారు అధ్యక్షులవారు. "ఆ దుంప పరిశీలనలో ఉన్న విదేశీ సాయములో భాగము. సంఘమునకు సమర్పించవలెను."

పోలమ్మ కళ్ళు తుడుచుకుంది. నెమ్మదిగా బల్ల దాకా వచ్చింది. "సూడు బాబూ. ఆ ఓడలో బస్తాలు దేశానివి, మీరేటైనా సేసుకోండి. ఇది నా మొగుడు నాకు తెచ్చింది. ఇందులో దేశానికి వాటా నేదు."

త్రిలోకనాథ్ గారు భాస్కరన్ గారి వైపు చూశారు. భాస్కరన్ గారు ఫైలు తిరగేశారు. మొగుడు పెళ్ళానికి తెచ్చినదాని మీద ఏ విధానమూ కనబడలేదు. నూకాలమ్మ మాత్రం గంభీరంగా, "సాక్షుల వాంగ్మూలం పూర్తయినట్టేనా అధ్యక్షా?" అంది.

"పూర్తయినది," అన్నారాయన, కళ్ళజోడు తీసి. "సంఘము వాయిదా."

బస్తాల సంగతి ఇంకా పరిశీలనలోనే ఉంది. దుంప మాత్రం ఆ పూటే ఉడికింది.